వద్దన్న కాగితం

పొద్దున ఆరున్నరకే బాలమల్లు లారీ కింద దూరాడు. తొమ్మిది నెలలుగా కదలని బండి కింద చూసేదేముంటుందని ఎవరైనా అడగొచ్చు. అడిగినవాళ్ళకు అతను జవాబు చెప్పడు. ఇంజను కింద నేల మీద అరచెయ్యి పెట్టి రాసి, నూనె చుక్క పడిందా లేదా అని చూసుకున్నాడు. పడలేదు. పాక్కుంటూ వెనక చక్రాల దగ్గరికి వచ్చి, లోపలి టైరును పిడికిలితో గుద్ది చప్పుడు విన్నాడు. బయటికొచ్చి లేచి నిలబడేసరికి ఎడమ భుజం కింద ఏదో పట్టేసింది. "నీ తాడు తెగ!" అని దాన్నే తిట్టాడు. అది కాసేపు సతాయించి పోయింది.

నాంపల్లి స్టేషనుకు వెనక, గూడ్స్ షెడ్డు గోడ పక్కనే ఆ ఆవరణ. ముందు ఒక గది ఆఫీసు, దాని మీద రెండు గదుల ఇల్లు, వెనక రేకుల కప్పు కింద ఒకే ఒక్క లారీ. దాని తలుపు మీద 'శ్రీ భ్రమరాంబ లారీ సర్వీస్' అని పసుపు రంగు అక్షరాలు. ఆ అక్షరాలు రాయించిన లక్ష్మణరావు పోయి పది నెలలైంది. ఆయన పోయిన నెల తిరక్కుండానే బండి పర్మిట్ రద్దయింది. పర్మిట్ లేని లారీ ఏముంది, నాలుగు మూలలా తుప్పు పట్టే ఇనుము. ఇవాళ పదకొండింటికి అప్పీలు కోర్టులో ఆఖరి వాయిదా. పర్మిట్ తిరిగొస్తే సరే. రాకపోతే లక్ష్మణరావు భార్య నాగరత్నం రేపే బండిని అడిగినవాళ్ళకు అప్పజెప్పి తణుకులో అన్నగారింటికి వెళ్ళిపోతుంది. నిన్న సాయంత్రం ఆమె ఈ మాట బాలమల్లుతో చెప్పింది, గోడ వైపు చూస్తూ చెప్పింది.

బాలమల్లు పొట్టి మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. భుజాలు మాత్రం ఇద్దరికి సరిపోయేంత వెడల్పు. కుడి మణికట్టు బయటికి వంగి ఉంటుంది, ఆ చెయ్యి ఎప్పుడూ ఎవరినో ఏదో అడుగుతున్నట్టు కనబడుతుంది. అతను మాత్రం జన్మలో ఎవరినీ ఏమీ అడిగి ఎరగడు. మెదక్ దగ్గర పల్లెలో పరాయి పొలాల్లో కలుపు తీసే ఇంట్లో పుట్టి, పన్నెండో ఏట లారీ ఎక్కి క్లీనరయ్యాడు. నిర్మల్ ఘాటు మీద బరువు బండి ఆగిపోతే దూకి, చక్రం కింద మొద్దు పెట్టడం అతని పని. ఒక్క క్షణం ఆలస్యమైతే బండి వెనక్కి, మనిషి దాని కిందికి. ఆ రోజుల్లో తనే టేకుకట్టె చెక్కి చేసుకున్న మొద్దు ఒకటి ఇప్పటికీ ఉంది. మూరెడు పొడుగు, ఒక పక్క ఏటవాలు, పట్టుకోవడానికి చివర తాడు. మొదట క్లీనరుగా, తర్వాత డ్రైవరుగా అతను ఎక్కిన ప్రతి బండిలోనూ అది అతనితోపాటే ఎక్కింది. ఈ తొమ్మిది నెలలుగా ఈ లారీ వెనక చక్రం కింద ఉంది.

"బాలమల్లూ!" పైనుంచి నాగరత్నం గొంతు వినిపించింది. "కోర్టుకెళ్ళాల్సినవాడివి, పొద్దున్నే ఆ మసి పూసుకుంటావేంటి? స్నానం చేసి రా, కాఫీ కలుపుతాను."

"కాఫీ వద్దమ్మా. చాయ్ తాగి పోస్టాఫీసు దిక్కు పోయొస్త. మీరు పదిన్నరకు రిక్షాల రాండ్రి."

"నువ్వూ రిక్షా ఎక్కు. డాక్టరు నిన్ను నడవొద్దన్నాడా లేదా?"

"డాక్టర్ సాబ్‌కు నడుచుడు గురించి ఏం తెల్సమ్మా? ఆయనకు కారుంది."

ఆమె ఏదో అంది కానీ అప్పటికే అతను కొళాయి కింద తల పెట్టేశాడు. పోయిన నెల దవాఖానలో గుండె మీద గొట్టం పెట్టి చూసిన డాక్టరు, బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు, వారం రోజులు ఇక్కడే పడుకో అన్నాడు. 'పంటే నన్ను పండబెట్టినట్టే ఉంచుతరు, నేను పండ' అని చెప్పి బాలమల్లు చొక్కా వేసుకుని వచ్చేశాడు. వాయిదా అయ్యేదాకా తనకు జబ్బు లేదని తనే తేల్చేసుకున్నాడు.

తెల్ల పైజామా, ఇస్త్రీ చేసిన కమీజు వేసుకుని, తలకు రుమాలు చుట్టుకున్నాడు. గోడకు ఆనించిన రేకుపెట్టె తెరిచి, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం తీసి లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం సంగతి చెప్పాలి.

లక్ష్మణరావు యాభై ఆరులో గోదావరి జిల్లా నుంచి వచ్చి ఒక పాత పెట్రోలు లారీ కొన్నాడు. దానికి డ్రైవరు బాలమల్లు. ఆ మరుసటి ఏడాది ఒక చలికాలం పొద్దున హ్యాండిలు తిప్పుతుంటే ఇంజను వెనక్కి తన్ని, మణికట్టు విరిగింది. ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. స్టీరింగు పట్టలేని డ్రైవరును ఏ యజమానైనా ఏం చేస్తాడు? ఒక దండం పెట్టి పంపేస్తాడు. లక్ష్మణరావు మాత్రం ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "బండెక్కకపోతే ఏమైంది, బండి కాగితాలు నువ్వే చూడు" అన్నాడు. చదువు రాదంటే, సరుకు చీటీల మీద ఊళ్ళ పేర్లు చూపించి తనే అక్షరాలు నేర్పాడు. నలభై నాలుగేళ్ళ వయసులో బాలమల్లు మొదటిసారి కూడబలుక్కుని చదివిన మాట 'నిజామాబాదు.' ఆ తర్వాత రెండేళ్ళకు లక్ష్మణరావు పోస్టాఫీసుకు ఒక ఉత్తరం రాశాడు: 'నా పేర వచ్చే రిజిస్టరు ఉత్తరాలన్నీ మా బాలమల్లు తీసుకోవచ్చును, అతని సంతకం నా సంతకమే.' కింద ఆయన సంతకం, దాని కింద వంకర మణికట్టుతో బాలమల్లు చేసిన సంతకం. ఒక ప్రతి పోస్టాఫీసులో ఉంది, రెండోది అతని పెట్టెలో. భార్య పోశవ్వ బతికున్నప్పుడు దాన్ని దేవుడి పటం వెనక పెట్టేది. పిల్లల్లేని ఇంట్లో అదే ఆస్తి.

ఆ కాగితంతోనే అతను ఈ ఇంటిని ముంచాడు. ఇందులో దాచేదేమీ లేదు.

లక్ష్మణరావు పోయిన తొమ్మిదో రోజు అది. ఆఫీసు షట్టరు సగానికి దించి ఉంది, మైల అని బయటివాళ్ళకు తెలిసేలా. పోస్ట్‌మ్యాన్ బీరయ్య వంగి లోపలికి తొంగిచూసి, లైసెన్సులాఫీసు నుంచి రిజిస్టరు కవరొచ్చిందని చెప్పాడు. కవరు మీద లక్ష్మణరావు పేరు. ఆ పేరు చూడగానే బాలమల్లుకు కళ్ళు మసకలు కమ్మాయి. మైల ఇంట్లో ఇవ్వడాలూ పుచ్చుకోవడాలూ లేవు, అందులోనూ పోయినాయన పేరు మీది సర్కారు కాగితమా! "వద్దు బీరయ్యా. పెద్దదినం అయినంక తే" అన్నాడు. బీరయ్య 'వద్దన్నారు' అని కవరు మీద రాసుకుని వెళ్ళిపోయాడు. రూలు అదే మరి. కవరు వచ్చిన దారినే వెనక్కి పోయింది.

అందులో ఉన్నది సంజాయిషీ నోటీసు. వానల్లో గోదావరి పొంగి వంతెన మునిగితే, డ్రైవరు రాజమల్లు బండిని పర్మిట్‌లో లేని జిల్లా మీదుగా చుట్టూ తిప్పుకొచ్చాడు. 'వరద వచ్చింది సార్' అని ఒక్క ముక్క జవాబు రాస్తే సరిపోయేది. పదిహేను రోజుల గడువు దాటింది, నోటీసు తీసుకోవడానికి నిరాకరించారని రాసి పర్మిట్ రద్దు చేశారు. నోటీసు ఎలా తప్పిపోయిందో నాగరత్నానికి ఇప్పటికీ తెలియదు. పోస్టులో ఎక్కడో పోయిందనుకుంటోంది. నిజం చెబుదామని బాలమల్లు ఎన్నోసార్లు మెట్లెక్కాడు. ఎక్కిన ప్రతిసారీ నీళ్ళు నమిలి దిగొచ్చాడు. సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఆ సిగ్గును కాళ్ళ కింద వేసి తొక్కుతూ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. 'పోనీ లేవయ్యా, బండి అమ్మెయ్యండి' అన్న ప్రతి గుమాస్తాకూ 'అమ్మం' అని చెప్పి మరుసటి రోజు మళ్ళీ వెళ్ళాడు.

స్టేషను ముందు ఇరానీ హోటల్లో చాయ్ తాగి, నేరుగా అబిడ్స్ పోకుండా మొజంజాహీ మార్కెట్ వైపు తిరిగాడు. పండ్ల దుకాణాల వాళ్ళు అప్పుడే బుట్టల మీది గోనెపట్టాలు తీస్తున్నారు. మార్కెట్ గోడ కింద కూర్చున్న ముసలమ్మ దగ్గర నాలుగు నిమ్మకాయలు ఏరుకున్నాడు, పసుపు తిరిగినవి, గట్టివి. పక్క దుకాణంలో ఒక కొబ్బరికాయ, కర్పూరం పొట్లం.

"కొత్త బండా?" అంది ముసలమ్మ.

"పాతదే. ఇయ్యాల మళ్ళ లేస్తది."

"పర్మిట్ రాకముందే నిమ్మకాయలేందిరా" అని తనలో తనే ఒకసారి అనుకున్నాడు. వెంటనే, "వస్తది! రాక ఏం చేస్తది!" అని పైకే అన్నాడు. పక్కన పోతున్న సైకిలు మనిషి తననేమో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు మెట్ల దగ్గర బీరయ్య ఖాకీ బట్టల్లో నిలబడి ఉన్నాడు. సర్కారు వకీలు అతన్ని డెలివరీ పుస్తకంతో సహా సాక్ష్యానికి పిలిపించాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"మల్లన్నా, మీ వకీలు గుమాస్తా నిన్న వచ్చిండు," అన్నాడు గొంతు తగ్గించి. "నేను ఆ దినం మీ తానికి రానే లేదని, ఇంట్ల కూసొని రాసుకున్ననని కోర్టుల అంటరట. గట్లంటే నా నౌకరి ఉంటదా? రెండేండ్లల్ల పింఛను. ముగ్గురు ఆడపిల్లలు."

"నువ్వొచ్చినవా లేదా?"

"వచ్చిన గదనే!"

"నేను వద్దన్ననా లేదా?"

బీరయ్య నేల చూశాడు. "అన్నవ్."

"మరి ఫికరెందుకు? ఉన్నది చెప్పు. నా నోట్లకెల్లి అబద్ధం రాదు, పో." అతని భుజం తట్టి బాలమల్లు ముందుకు నడిచాడు.

అప్పీలు కోర్టు అబిడ్స్ వెనక సందులో, ఒకప్పటి నవాబు బంగళాలో. వసారాలో వకీలు వామన్‌రావు నల్లకోటు సర్దుకుంటూ ఎదురొచ్చాడు. మంచివాడే, కాకపోతే గెలుపు మీద యావ ఎక్కువ. సంచిలో కొబ్బరికాయ చూసి నవ్వాడు.

"ఏందయ్యా, పెండ్లికొచ్చినవా? సరే, ఇను. పోస్ట్‌మ్యాన్ రాలేదు, నువ్వు చూడలేదు. ఇంకొక్క మాట ఎక్కువొద్దు."

"వచ్చిండు గద సార్."

"వచ్చిండని నువ్వంటే కేసు చచ్చిపోతది! నీకు రావుగారిచ్చిన అధికార పత్రముంది పోస్టాఫీసుల. నీ సంతకం ఆయన సంతకం. నువ్వు వద్దంటే ఆయన వద్దన్నట్టే. నోటీసు అందినట్టే. అర్థమైందా? పర్మిట్ కావాల్నా, హరిశ్చంద్రుడివి కావాల్నా?"

"రెండు కావాలె సార్," అన్నాడు బాలమల్లు.

వామన్‌రావు నెత్తి కొట్టుకుని లోపలికి పోయాడు. అప్పుడే రిక్షా దిగి వచ్చింది నాగరత్నం. తెల్లచీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని ముందు బెంచీలో కూర్చుంది. బాలమల్లు వెనక బెంచీలో కూర్చుని సంచిని కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

బీరయ్యను పిలిచారు. పుస్తకం తెరిచి, తారీకు చదివి, తను వెళ్ళాననీ అక్కడి మనిషి వద్దన్నాడనీ చెప్పాడు. ఏ మనిషి అని సర్కారు వకీలు అడిగితే పుస్తకం మూసేశాడు. వామన్‌రావు లేచాడు. "నువ్వు ఆ రోజు అసలు నాంపల్లి వైపు వెళ్ళనే లేదు. ఎండకు జడిసి ఎక్కడో కూర్చుని ఆ రెండు ముక్కలూ రాసేశావు. అవునా?"

బీరయ్య అటూ ఇటూ చూశాడు. మూడు పదులు దాటిన సర్వీసులో అతన్ని ఎవరూ అంత మాట అనలేదు.

"గట్ల అనకుండ్రి సార్!" వెనక బెంచీలోంచి బాలమల్లు లేచి నిలబడ్డాడు. "వచ్చిండు. ఎండలనే వచ్చిండు."

కోర్టు అంతా వెనక్కి తిరిగింది. జడ్జి కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు. "ఎవరు నువ్వు?"

"నేనే సార్, వద్దన్నోణ్ణి."

ఎవరో కిసుక్కున నవ్వారు. వామన్‌రావు కుర్చీలో కూలబడ్డాడు. నాగరత్నం మాత్రం తిరగలేదు. ఆమె మెడ బిగుసుకోవడం వెనకనుంచి బాలమల్లుకు కనబడింది. అయిపోయింది, ఇంక దాచేదేముంది! అతని ఛాతీ మీంచి బండరాయి ఎవరో దొర్లించినట్టయింది. పిలిచేదాకా ఆగకుండా బోను దగ్గరికి నడిచాడు.

ప్రమాణం చేయించాక జడ్జి అడిగాడు, "ఎందుకు వద్దన్నావు?"

"తొమ్మిదో దినం సార్. షెట్టర్ సగం దించి ఉన్నది. మైల ఇంట్ల పోయిన మనిషి పేరు మీది కాగితం ఎట్ల పట్టుకోను? పెద్దదినం అయినంక తెమ్మన్న. వద్దంటే మళ్ళ రాదని నాకు తెల్వది. తప్పు నాదే. అమ్మకు తెల్వది, డ్రైవర్‌కు తెల్వది, పోస్టాయనది అసలే లేదు. శిక్షేస్తే నాకెయ్యిండ్రి. బండి ఏం చేసింది?"

సర్కారు వకీలు సంబరంగా లేచాడు. ఈ మనిషికి యజమాని రాసిచ్చిన అధికారం ఉందనీ, ఇతను నిరాకరిస్తే యజమాని నిరాకరించినట్టేననీ, అప్పీలు ఇక్కడితో కొట్టేయవచ్చనీ అన్నాడు.

"అధికారం ఉందా?" అన్నాడు జడ్జి.

"ఉన్నది సార్." బాలమల్లు లోపలి జేబులోంచి మడతల కాగితం తీసి రెండు చేతులా ఇచ్చాడు. ఆ గర్వం చూడాలి. తన కొంపే ముంచబోతున్న కాగితాన్ని, దండలా అందించాడు.

జడ్జి దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత కవరు తెప్పించి తారీకు చూశాడు.

"లక్ష్మణరావు గారు చనిపోయాక తొమ్మిదో రోజున కదా నువ్వు వద్దన్నది?"

"ఔ సార్."

"మరి ఈ అధికారం ఇచ్చిన మనిషి అప్పటికి లేడు. ఆయన పోయిన రోజునే ఈ కాగితం చెల్లకుండా పోయింది." జడ్జి సర్కారు వకీలు వైపు తిరిగాడు. "ఆ రోజున ఇతనికి కవరు తీసుకునే హక్కు లేదు. వద్దనే హక్కు అంతకన్నా లేదు. దారిన పోయేవాడు వద్దన్నా ఒకటే, ఇతను వద్దన్నా ఒకటే. చనిపోయిన మనిషి పేర నోటీసు పంపారు, అది ఎవరికీ అందలేదు. ఎవరికీ అందని నోటీసు మీద పర్మిట్ ఎలా రద్దు చేశారు?"

సర్కారు వకీలు కాగితాలు తిరగేశాడు.

రద్దు చెల్లదని, పర్మిట్ ఈ క్షణం నుంచే అమల్లో ఉంటుందని, దాన్ని భార్య పేరుకు మార్చాలని, పూర్తి ఉత్తర్వు పోస్టులో పంపేలోగా ఇవాళ ఇచ్చే చీటీతో బండి నడుపుకోవచ్చని జడ్జి చెప్పుకుపోయాడు. గుమాస్తా రాసుకుపోతున్నాడు. వామన్‌రావు మొహం మతాబులా వెలిగింది. బాలమల్లు మాత్రం బోనులోనే నిలబడి ఉన్నాడు.

"సార్, అది చెల్లదా?"

"చెల్లదు. అందుకే కదా మీరు గెలిచారు."

"అయితే ఈ తొమ్మిది నెలలు నేను ఏ హక్కుతోని తిరిగిన సార్? మా రావు సార్ పోయిననాడే నా హక్కు పోతే, రోజు తెల్లారి లేచి ఆ బండిని తుడిసిందెవరు? దారిన పోయేటోడా?"

గుమాస్తా కలం ఆగింది. జడ్జి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "దానికి చట్టంలో మాట లేదయ్యా," అన్నాడు మెల్లగా.

"మరి నా కాగితం నాకియ్యిండ్రి."

"ఫైల్లో ఉండాలి."

బాలమల్లు బోను దిగాడు. పన్నెండేళ్ళుగా ఆ కాగితం లేని జేబుతో అతను కోర్టుగాని, ఆఫీసుగాని మెట్లు దిగింది లేదు. వసారాలో బీరయ్య ఎదురొచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. వామన్‌రావు, "గెలిచినం గదనయ్యా!" అని భుజం చరిచాడు. "మంచిది సార్," అన్నాడు బాలమల్లు.

నాగరత్నం మెట్ల కింద నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది కోపమో ఏడుపో అతనికి తెలియలేదు. రెండూ కావచ్చు.

"తొమ్మిది నెలలు నాకు చెప్పకుండా ఎలా ఉన్నావు?"

"ఉండలేదమ్మా. సచ్చిన."

"నన్నడిగినా నేనూ వద్దనే అందును. ఆయన పేరున్న కవరు ఆ రోజు నేను మాత్రం ముట్టుకుందునా? అయినా చెప్పాల్సింది. నిన్ను తిట్టేదాన్ని, నాలుగు రోజులు మాట్లాడేదాన్ని కాదు, తర్వాత నువ్వూ నేనూ కలిసే ఏడ్చేవాళ్ళం." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ కాగితం పోతే పోయింది. ఇవాళే నా పేరు మీద కొత్తది రాసిస్తాను. అదే మాట రాస్తాను, పొల్లు పోకుండా. రిక్షా ఎక్కు."

"మీరు పోండ్రి. నేను నడిచొస్త."

"నీ మొండితనం పాడుగాను!" అంది ఆమె. అతను నవ్వాడు. కిందటి ఏడాది తర్వాత అతను నవ్వడం ఆమె చూడటం అదే మొదలు.

మూడు గంటలకు ఆవరణలో సందడి మొదలైంది. డ్రైవరు రాజమల్లు గూడ్స్ షెడ్డు నుంచి ఆరుగురు హమాలీలను పిలుచుకొచ్చాడు. ఎరువుల బస్తాలున్నాయట, ఇవాళే ఎక్కించాలట. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, తోసి లేపాల్సిందే. బాలమల్లు కోర్టు చీటీని బండి కాగితాల పెట్టెలో తన చేత్తోనే పెట్టాడు. బానెట్ మీద పసుపు రాసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టాడు. నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టాడు.

"మొద్దు నేను తీస్త అన్నా," అన్నాడు రాజమల్లు. "నువ్వు జరుగు."

"నువ్వు పుట్టకముందు నుంచి తీస్తున్న. ఎక్కి కూసో, గేర్ల పెట్టు."

వంగాడు. తొమ్మిది నెలల బరువుతో మొద్దు నేలలోకి దిగబడి ఉంది. తాడు చుట్టుకుని ఒకసారి గుంజితే రాలేదు. మళ్ళీ గుంజాడు. మూడోసారి పళ్ళు బిగించి, "రా, నీ అవ్వ, రా!" అని మొత్తం ఒళ్ళు వెనక్కి వేసి లాగాడు. మొద్దు ఊడి వచ్చింది. అతను రెండడుగులు తూలి గోడకు ఆనుకున్నాడు. "తోయిండ్రిరా!" అని అరిచాడు.

హమాలీలు తోశారు. చక్రాల కింద నిమ్మకాయలు ఒక్కొక్కటే చిట్లాయి. లారీ గేటుదాకా దొర్లి, దగ్గి, నల్లటి పొగ కక్కి, గర్జించి లేచింది. పై వసారాలో నాగరత్నం రెండు చేతులూ జోడించి నిలబడిపోయింది. రాజమల్లు ఆపకుండా హారను కొడుతూ రోడ్డెక్కించాడు. పక్క లారీ ఆఫీసుల వాళ్ళు బయటికొచ్చి చూశారు. ఆ బండి పని అయిపోయిందని పందేలు కట్టినవాళ్ళు కూడా వాళ్ళల్లో ఉన్నారు. బాలమల్లు వాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూసి, రుమాలు విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

హమాలీలు బండి వెంటే వెళ్ళిపోయారు. మొద్దును ఆఫీసులోకి తెచ్చి బల్ల మీద పెట్టి, తన కుర్చీలో కూర్చున్నాడు. గూడ్స్ షెడ్డు వైపు నుంచి ఇంజను చప్పుడు వినిపిస్తూనే ఉంది. మూడో గేరు, రెండో గేరు, వెనక్కి తిప్పుతున్నాడు. క్లచ్ కొంచెం వదులుగా ఉంది, రాజమల్లుకు చెప్పాలి. భుజం కింద మళ్ళీ పట్టేసింది. ఈసారి దాన్ని తిట్టలేదు. చప్పుడు సరిగ్గా వినపడాలని తల గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

అయిదింటికి నాగరత్నం కాఫీ గ్లాసూ ఒక కాగితమూ పట్టుకుని కిందికి దిగింది. "ఇదిగో, రాశాను. సంతకం పెట్టు" అంది గుమ్మంలోంచే. అతను పలకలేదు. నిద్రపోతున్నాడనుకుని కాగితం బల్ల మీద పెట్టి, గాలికి ఎగరకుండా పైన మొద్దు పెట్టింది. గ్లాసు చేతికివ్వబోయి, ఆ వంకర చెయ్యి చల్లగా తగిలి, ఆగిపోయింది.

ఆఫీసు షట్టరును ఆమే సగానికి దించింది. పనివాడికి మైల ఏమిటని ఒకరిద్దరు బంధువులు అన్నారు. "అతని సంతకం మా సంతకం" అని, దించిన షట్టరు అలాగే ఉంచింది. బండి మాత్రం ఒక్క రోజు కూడా ఆపలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం బీరయ్య వచ్చాడు. షట్టరు కిందుగా వంగి, లోపలికి రావాలా వద్దా తెలియక, చేతిలోని కవరును అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మా, కోర్టు నుంచి రిజిస్టరు. ఉత్తర్వు కావచ్చు." "మైలల ఉన్నరు. దినాలైనంక తెమ్మంటే... నా దగ్గర్నే పెట్టుకుంట అమ్మా, ఏం రాయ. రూలుంటే ఉండనీయిండ్రి."

నాగరత్నం లేచి వచ్చి, సగం దించిన షట్టరును రెండు చేతులతో పైదాకా ఎత్తింది. "నీ నౌకరీ మీదికి తెచ్చుకోకు. ఇటివ్వు," అంది. "మైలైతే మైలే." గట్టిగా ఒత్తి సంతకం పెట్టి కవరు తీసుకుంది.

బీరయ్య కళ్ళు తుడుచుకుంటూ బల్ల వైపు చూశాడు. టేకు మొద్దు అక్కడే ఉంది. దాని కింద నాగరత్నం రాసిన కాగితం, బాలమల్లు సంతకం నమూనా కోసం గీత గీసి వదిలిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.